కోటి రూపాయల కుర్చీ: టీవీ క్విజ్ షో ఎలా నడుస్తుంది, పోటీదారులు ఎక్కడ జారిపోతారు

తెలుగులో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2014 జూన్‌లో మా టీవీలో మొదలైంది. నాగార్జున మూడు సీజన్లు నడిపారు. 2017లో నాలుగో సీజన్ చిరంజీవి నడిపారు. కొన్నేళ్లు ఆగాక, అదే ఆట ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అని పేరు తిప్పుకుని 2021 ఆగస్టు 22న జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్‌తో మళ్లీ వచ్చింది. ఇన్నేళ్ల ఆటలో కోటి మెట్టు ఎక్కిన మొదటి మనిషి 2021 నవంబరులో కనిపించారు. ఆయన కొత్తగూడెం ప్రాంతానికి చెందిన పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ రాజా రవీంద్ర. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా ఏదో ఒక మెట్టు మీద ఆగినవాళ్లో, జారినవాళ్లో.

కంచికచర్ల మండలం చెవిటికల్లు లాంటి ఊళ్లో రాత్రి అన్నాలయ్యాక టీవీ ముందు కూర్చునే పిల్లలకు ఇది వింతగానే ఉంటుంది. ‘‘నాకే తెలుసు గదా అబ్బా, ఆయనకెట్టా తెలీలేదు?’’ అని అడుగుతారు. తెలియక ఓడిపోయేవాళ్లు ఉంటారు, నిజమే. కానీ ఈ ఆటను కొన్నాళ్లు వరసగా చూస్తే ఇంకొకటి కనబడుతుంది. కుర్చీ దాకా తీసుకెళ్లేది చదువు. అక్కడ కూర్చున్నాక డబ్బు పోగొట్టేది మాత్రం ఎక్కువసార్లు నిర్ణయం: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు తెగించాలి, ఎవరిని అడగాలి అనేది.

ఆట ఎక్కడిది

అసలు ఆట బ్రిటన్‌ది. 1998 సెప్టెంబరు 4న ఐటీవీ ఛానల్లో ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ అనే పేరుతో మొదలైంది. తర్వాత వందకు పైగా దేశాలకు పాకింది. మన దేశంలో 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ వచ్చింది. మొదటి కోటి అదే ఏడాది హర్షవర్ధన్ నవాథే గెలిచారు. వేదిక, వెలుగులు అన్నీ ఆ బ్రిటన్ నమూనా నుంచి వచ్చినవే. వెనక వినిపించే సంగీతం కూడా ఊరికే పెట్టింది కాదు. పై మెట్లకు వెళ్లేకొద్దీ ఒక్కో ప్రశ్నకు దాని శ్రుతి కొంచెం కొంచెం పెరుగుతుంది. ఇంట్లో సోఫా మీద కూర్చున్నవాళ్లకే గుండె దడదడలాడుతుంటే, ఆ వెలుగుల కింద కూర్చున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ముస్లిం కుటుంబాలకు ఈ కుర్చీ కొత్తేమీ కాదు. 2010లో జార్ఖండ్‌లోని గిరిడీ నుంచి వచ్చిన గృహిణి రాహత్ తస్లీమ్ కేబీసీలో కోటి గెలిచిన మొదటి మహిళ. 2013లో రాజస్థాన్ ఉపాధ్యాయుడు తాజ్ మొహమ్మద్ రంగ్రేజ్, ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ అమ్మాయి ఫిరోజ్ ఫాతిమా ఇద్దరూ కోటి మెట్టు చేరారు. 2020లో నాజియా నసీమ్ ఆ సీజన్‌లో మొదటి కోటి గెలిచారు.

కుర్చీ దాకా వెళ్లే దారి

టీవీలో ఒక ప్రశ్న అడుగుతారు, ఎస్సెమ్మెస్ ద్వారానో, యాప్ ద్వారానో జవాబు పంపమంటారు. సరైన జవాబు పంపినవాళ్లు లక్షల్లో ఉంటారు కాబట్టి అందులోంచి కంప్యూటర్ కొందరిని తీస్తుంది. ఇక్కడ చదువుతో పనిలేదు, కేవలం అదృష్టం. తర్వాత ఫోన్లో ఇంకొన్ని ప్రశ్నలు ఉంటాయి. వాటిలో నెగ్గినవాళ్లను ఆడిషన్‌కు పిలుస్తారు. ఆడిషన్‌లో జనరల్ నాలెడ్జి పరీక్షతో పాటు కెమెరా ముందు మాట్లాడించి చూస్తారు. ఇది టీవీ కార్యక్రమం కాబట్టి మాట, కథ, ముఖంలో కళ కూడా వాళ్లకు కావాలి. ఇంటి కష్టం చెప్పుకోగలిగినవాళ్లు, నవ్వించగలిగినవాళ్లు ముందుకొస్తారు. బాగా చదివి, నోరు తెరవనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

స్టూడియోకు చేరినా కుర్చీ ఖాయం కాదు. ‘ఫాస్టెస్ట్ ఫింగర్’ రౌండులో సాధారణంగా పదిమంది కూర్చుంటారు. నాలుగు అంశాలను వరసలో పెట్టమంటారు: ఏది ముందు జరిగింది, ఏది పొడవైనది, ఇలాంటివి. సరైన వరస అందరికంటే త్వరగా నొక్కిన ఒక్కరే హాట్ సీటుకు వెళతారు. తెలిసినా అర సెకను ఆలస్యమైతే వెనక్కి రావడమే. ఇక్కడ తప్పేవాళ్లలో చాలామంది అక్షరాలు గుర్తుపెట్టుకోలేక కాదు, ఆ చిన్న కీప్యాడ్ మీద వేలు అలవాటు లేక తప్పుతారు. ఇంట్లో ఫోన్ మీద నాలుగు అంశాల వరస టైమర్ పెట్టుకుని సాధన చేసే పిల్లలకు ఇక్కడ లాభం ఉంటుంది.

పదిహేను మెట్లు, రెండు గట్లు

తెలుగు షోలో మెట్లు ఇలా ఉంటాయి. మొదటి ఐదు ప్రశ్నలకు 1,000, 2,000, 3,000, 5,000, 10,000. తర్వాతి ఐదింటికి 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000. చివరి ఐదింటికి 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. ఐదో మెట్టు, పదో మెట్టు గట్లు లాంటివి. అక్కడికి చేరాక పై ప్రశ్నలో తప్పు చెప్పినా ఆ మొత్తం కంటే కిందికి పడరు. ఎప్పుడైనా ‘ఇక చాలు’ అని ఆగితే అప్పటిదాకా గెలిచింది మొత్తం తీసుకుని వెళ్లొచ్చు.

వినడానికి సులువుగానే ఉంది. లెక్క వేస్తే అసలు కిటుకు తెలుస్తుంది.

ఆరో ప్రశ్న, పదకొండో ప్రశ్న: ఈ రెండూ ఉచిత ప్రశ్నలు. పదో ప్రశ్న దాటిన మనిషి చేతిలో 3,20,000 ఉంటాయి, పదకొండోది తప్పినా అవే 3,20,000 ఉంటాయి. పోయేదేమీ లేదు. అయినా అక్కడ ‘రిస్కు ఎందుకులే’ అని ఆగిపోవడం ఈ ఆటలో అతి పెద్ద పొరపాటు. జవాబు అస్సలు తెలియకపోయినా నాలుగింట్లో ఒకటి చెప్పి పోవాలి. తగిలితే 6,40,000.

దీనికి పూర్తిగా ఎదురు పదో ప్రశ్న. 1,60,000 చేతిలో పెట్టుకుని దాన్ని ఎదుర్కొనే మనిషి తప్పు చెబితే 10,000కి పడతాడు. ఒక్క జవాబుతో లక్షా యాభై వేలు పోతాయి. గెలిస్తే అదనంగా వచ్చేది 1,60,000. అంటే దాదాపు సగానికి సగం నమ్మకం ఉంటేనే ఆడాలి. తొమ్మిదో ప్రశ్న సంగతీ అంతే, 80,000 నుంచి 10,000కి జారుడు. ‘‘ఎక్కడో విన్నట్టుంది’’ అనే నమ్మకంతో లాక్ చేయించి జారేది ఎక్కువగా ఈ మెట్ల మీదే.

పన్నెండో ప్రశ్న దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. చేతిలో 6,40,000. తప్పితే 3,20,000. ఒప్పయితే 12,50,000. రెండు జవాబుల మధ్య ఊగుతున్న మనిషి తెగించి ఆడితే సగటున 7,85,000 వస్తుంది, ఆగితే 6,40,000. మూడింట్లో ఒక వంతు కంటే కాస్త ఎక్కువ నమ్మకం ఉన్నా లెక్క ప్రకారం ఆడొచ్చు. పైకి వెళ్లేకొద్దీ ఈ హద్దు పెరుగుతుంది. పదమూడో ప్రశ్నకు నూటికి 43 పాళ్లు, పద్నాలుగుకు 47, చివరిదానికి 48 పాళ్ల నమ్మకం కావాలి.

అయితే లెక్క అందరికీ ఒకటే కాదు. సగటు అనేది వందసార్లు ఆడేవాడికి. కుర్చీలో మనిషి ఒక్కసారే ఆడతాడు. కూతురి పెళ్లి బాకీ, ఎదిగిన కొడుకు ఇంజనీరింగ్ ఫీజు నెత్తిమీద ఉన్నవాడికి 6,40,000 అంటే ఉన్న కష్టం తీరిపోవడం. అతను ఆగితే పిరికివాడు కాదు. టీవీ ముందు కూర్చుని ‘‘ఆడాల్సింది’’ అనేవాళ్లు ఆ 3,20,000 తేడాను తమ జేబులోంచి పోగొట్టుకోవడం లేదు మరి. ఓడినవాళ్లను ఎగతాళి చేసే వీడియోలు యూట్యూబ్‌లో ఎన్నో. వాటిలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

లైఫ్‌లైన్లు: ఎప్పుడు, ఎవరిని

సీజన్‌ను బట్టి కొంచెం మారినా, పాత మూడు లైఫ్‌లైన్లు అందరికీ తెలుసు: రెండు తప్పు జవాబులు తీసేసే 50-50, ప్రేక్షకుల ఓటు, స్నేహితుడికి ఫోను. ఇందులో ప్రేక్షకుల మాట గట్టిదా, తెలివైన స్నేహితుడి మాట గట్టిదా? అమెరికా షో మీద జేమ్స్ సురోవీకీ తన 2004 పుస్తకంలో ఇచ్చిన లెక్క ఇది: ప్రేక్షకుల జవాబు 91 శాతం సార్లు సరైంది, ఫోన్లో స్నేహితుడిది సుమారు 65 శాతమే. తెలిసిన కొద్దిమంది ఒకే జవాబు వైపు నొక్కుతారు, తెలియనివాళ్ల ఓట్లు నాలుగు వైపులా చెదిరిపోతాయి. అందుకే పొడుగు గీత సాధారణంగా సరైందే అవుతుంది.

కానీ ఇది చిన్న, మధ్య ప్రశ్నల సంగతి. ప్రేక్షకులు కూడా గట్టిగా పొరబడే చోట్లు ఉంటాయి. ఫ్రాన్సులో ఒకసారి భూమి చుట్టూ తిరిగేది ఏది అని అడిగితే, సగానికి పైగా ప్రేక్షకులు సూర్యుడని నొక్కారు! పోటీదారు అదే లాక్ చేసి ఓడిపోయారు. 2018లో టర్కీలో ఒకావిడ చైనా గోడ ఏ దేశంలో ఉందనే ప్రశ్నకు రెండు లైఫ్‌లైన్లు వాడేశారు. జవాబు మాత్రం సరిగ్గానే చెప్పారు. ప్రపంచమంతా నవ్వింది. ఆ వెలుగుల్లో ‘చైనా గోడ చైనాలోనే ఉంటుందా, ఇందులో ఏదైనా మెలిక ఉందా’ అనే అనుమానం ఎంత సహజమో నవ్వినవాళ్లకు తెలియదు.

ఫోను విషయంలో మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, మొహమాటానికి పేర్లు ఇవ్వడం. మామూ బాధపడతాడని మామూ పేరు, బావగారు ఏమనుకుంటారోనని ఆయన పేరు. లైన్లో ఉండేది ముప్పై సెకన్లు. సలాం, క్షేమ సమాచారం అయ్యేసరికే పది సెకన్లు పోతాయి. ఒకరు చరిత్ర, ఒకరు సైన్సు, ఒకరు ఆటలు అని విడగొట్టుకుని, ముందే ‘సలాం కూడా వద్దు, ప్రశ్న చదవగానే జవాబు, ఎంత నమ్మకమో చెప్పు’ అని మాట్లాడుకున్నవాళ్లకు ఆ ముప్పై సెకన్లు చాలతాయి. తెలియకపోతే ‘తెలీదు’ అని చెప్పే ధైర్యం ఉన్నవాళ్లనే పెట్టుకోవాలి.

50-50ని ఊరికే వాడటం కూడా నష్టమే. రెండింటి మధ్య ఊగుతున్నప్పుడు అది తీసే రెండూ ఎప్పుడో పక్కన పెట్టేసినవే అయితే, మిగిలేది మళ్లీ అదే ఊగులాట.

హోస్టు ముఖం

‘ఆలోచించుకోండి’ అని హోస్టు అనగానే జవాబు మార్చుకునేవాళ్లు చాలామంది. ఆయన ముఖంలో ఏదో కనిపించిందనుకుంటారు. బ్రిటన్ అసలు షోలో ఫైనల్ ఆన్సర్ చెప్పేదాకా హోస్టు తెర మీద కూడా జవాబు కనిపించేది కాదు. ఆ ప్రశ్న, ఆ మౌనం, ఆ కనుబొమ్మలు పైకెత్తడం అంతా చూసేవాళ్ల కోసం. సరైన జవాబుకు కూడా ‘నిజంగానా?’ అంటారు, తప్పుకు కూడా అంటారు.

మరో చోటా మన పిల్లలు జారతారు. తెలుగు షోలో మహాభారత పాత్రలు, సామెతలు, పాత సినిమా పాటలు తరచూ వస్తాయి. ఉర్దూ మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివి, ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లకు ధర్మరాజు తమ్ముళ్ల వరస తడబడుతుంది. ఇది తెలివి తక్కువై కాదు, వినికిడి తక్కువై. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా తెలుగు వాచకాలు మళ్లీ ఒకసారి తిరగేస్తే మొదటి పది ప్రశ్నల్లో ఈ రకంవి చాలావరకు దాటొచ్చు.

ఇక రాజా రవీంద్ర ముందుకు వచ్చిన కోటి ప్రశ్న ముస్లిం ఇళ్లలో పెద్దవాళ్లకు నచ్చే ప్రశ్న. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు దారితీసిన కమిషన్ ఎవరి అధ్యక్షతన పనిచేసింది అనేదే అది. జవాబు సయ్యద్ ఫజల్ అలీ. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఆయన నాయకత్వంలో 1953 డిసెంబరులో కమిషన్ ఏర్పడింది. కె.ఎం. పణిక్కర్, హెచ్.ఎన్. కుంజ్రూ మిగతా సభ్యులు. 1955 సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపాలని అందులో రాశారు. అలా జరగలేదు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కోటి రూపాయల ప్రశ్న ఇంటర్ పాఠంలో ఉండేదే అన్నమాట.

గెలిచాక చేతికి వచ్చేది

తెర మీద కనిపించే అంకె చేతికి రాదు. క్విజ్ బహుమతి మీద 30 శాతం పన్ను ముందే కోసుకుని ఇస్తారు. దానిపై 4 శాతం సెస్సు కలిపితే 31.2 శాతం. 3,20,000 గెలిచినవాళ్లకు మిగిలేది 2,20,160. 25 లక్షలకు 17,20,000. యాభై లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. మామూలు జీతానికి ఉండే మినహాయింపులు దీనికి వర్తించవు. ఊళ్లో మాత్రం ‘పాతిక లక్షలు గెలిచాడు’ అనే మాటే ఉంటుంది, అప్పు అడిగేవాళ్లు ఆ లెక్కనే అడుగుతారు.

గెలుపు తర్వాత జారినవాళ్ల కథ కూడా చెప్పుకోవాలి. బీహార్‌లోని మోతిహారికి చెందిన సుశీల్ కుమార్ 2011లో కేబీసీలో 5 కోట్లు గెలిచారు. అంతకుముందు ఉపాధి హామీ పథకంలో నెలకు ఆరు వేల జీతానికి కంప్యూటర్ ఆపరేటరు. తర్వాతి సంవత్సరాల్లో దానాల పేరుతో మోసపోవడం, కలిసిరాని వ్యాపారాలు, ఇంట్లో గొడవలు, తాగుడు, ఇవన్నీ ఆయనే 2020లో ఫేస్‌బుక్‌లో దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆ తర్వాత తేరుకుని ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లారు.

ఫోన్లో వచ్చే కోటీశ్వరుడు

షో చూసినవాళ్లకు అసలు ప్రమాదం స్టూడియోలో కాదు, జేబులోని ఫోన్లో ఉంది. ‘మీ నంబరుకు కేబీసీ లాటరీలో 25 లక్షలు తగిలాయి’ అని వాట్సాప్‌లో అమితాబ్ ఫొటో, ముద్రలు, సంతకాలతో ఒక కాగితం వస్తుంది. ఒక వాయిస్ మెసేజి, ఒక బ్యాంకు మేనేజరు పేరు కూడా ఉంటాయి. చాలాసార్లు నంబరు ముందు +92 ఉంటుంది. పలకరింపు తియ్యగా ఉంటుంది. అవతలివాడు ఉర్దూలోనో హిందీలోనో మర్యాదగా మాట్లాడేసరికి మన ఇళ్లలో పెద్దవాళ్లు తొందరగా నమ్మేస్తారు. తర్వాత ప్రాసెసింగ్ ఫీజు అంటాడు, జీఎస్టీ అంటాడు, ఖాతా తెరవాలంటాడు. ఒకటి కట్టాక ఇంకొకటి.

ఈ ఆటలో లాటరీ అనేదే లేదు. కుర్చీలో కూర్చుని జవాబు చెప్పకుండా ఎవరికీ డబ్బు రాదు. అసలు బహుమతి పన్నును వాళ్లే కోసుకుని ఇస్తారు తప్ప, ముందు కట్టమని ఎవరూ అడగరు. డబ్బు పంపేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఖాతాలోనే ఆపించే వీలుంటుంది.

ఇది జూదమా అనే ప్రశ్న

మస్జిద్ బయట ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటారు. ఉలమాలు సాధారణంగా చూసేది డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందని. ఆడేవాళ్లు తలా కొంత కట్టి, ఆ డబ్బే గెలిచినవాడికి పోతే అది ఖిమార్, జూదం. ఆడేవాళ్ల దగ్గర ఏమీ తీసుకోకుండా మూడో మనిషి బహుమతి ఇస్తే దారి వేరు. చిక్కు వచ్చేది ఎక్కువ చార్జీ పడే ఎస్సెమ్మెస్‌ల దగ్గర. 2007లో కేబీసీ ప్రేక్షకులకు పెట్టిన పోటీలో ఒక్కో మెసేజికి 2.40 రూపాయలు పడింది. బహుమతి ఆ మెసేజిల డబ్బులోంచే ఇచ్చారంటూ 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఛానల్, టెలికాం కంపెనీల మీద కోటి రూపాయల జరిమానా వేసింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టు సంగతి అలా తేలింది. మనసులో అనుమానం ఉన్నవాళ్లు పంపే ముందే తమ ఆలింను అడిగి తెలుసుకోవడం మేలు, మెసేజి చార్జీ ఎంతో కూడా చూసుకోవడం మేలు.

ఇంటి చుట్టూ దొరికే ప్రశ్నలు

నందిగామ, జగ్గయ్యపేట వైపు పిల్లలకు గైడు పుస్తకం కంటే ముందు చూడాల్సింది తమ చుట్టుపక్కలే ఉంది. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చక్రవర్తి మాంధాత బొమ్మ ఉన్న ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చెవిటికల్లుకు దగ్గరి పరిటాల ఒకప్పుడు చుట్టూ బ్రిటిష్ భూమి మధ్య నిజాం పాలనలో ఉన్న చిన్న దీవి లాంటి ప్రాంతం. కోహినూర్ ఎక్కడ దొరికిందంటే ఇటువైపు చాలామంది పరిటాల అంటారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది చెప్పేది కృష్ణ ఒడ్డునే ఉన్న కొల్లూరు గనుల పేరు. నాలుగు ఆప్షన్లలో రెండూ ఉంటే ఊరి అభిమానం కొంపముంచుతుంది.

చెవిటికల్లు పేరు కూడా ఒకసారి దేశమంతా వినిపించింది. ఎన్టీఆర్ షో మొదలవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, 2021 ఆగస్టు 14న, ఇసుక కోసం కృష్ణలోకి దిగిన వందకు పైగా లారీలు అక్కడ వరదలో చిక్కుకున్నాయి. కరెంట్ అఫైర్స్ చదివే పిల్లలు ఇలాంటి తేదీలు నోట్సులో రాసుకుంటారు. అప్పటికి ఆ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కంచికచర్ల మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, అంటే ఆ షో హోస్టు తాతగారి పేరున్న జిల్లా. పాత గైడు చదివిన పిల్లాడు ఈ ప్రశ్నకు ఇప్పటికీ కృష్ణా అనే నొక్కుతాడు.